మూడు డబ్బాల దగ్గర తోడికోడళ్ళు

అత్తగారు పోయి ఏళ్ళు గడిచినా, ఆ ఇంటి కోడళ్ళిద్దరికీ ఆవిడ పెట్టిన పిలుపులే మిగిలిపోయాయి. అరవై దగ్గర పడుతున్నా పెద్దావిడ పెద్దకోడలే. కణతల దగ్గర జుట్టు నెరుస్తున్నా చిన్నావిడ చిన్నకోడలే. చుట్టాల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా, "పెద్దకోడలు ఎలా ఉంది? చిన్నకోడలు ఏం చేస్తోంది?" అని అడగకుండా పెట్టేయరు. ఆ ఇద్దరూ మాత్రం ఒకరి గురించి ఒకరు అడిగి ఐదారేళ్ళయింది.

చిన్నకోడలిది చెత్త వేరుచేసే పని. ఊళ్ళో పరుగు పందెం పెట్టినా, పుస్తకాల సంత పెట్టినా, పాటల కచేరీ జరిగినా, వేలల్లో వచ్చిన జనం తిని తాగి పారేసేదంతా ఒక్క కుప్ప కాకుండా చూడాలి. మైదానంలో అక్కడక్కడా మూడేసి డబ్బాలు వరసగా పెడతారు. ఆకుపచ్చది ఎరువుకు పోతుంది. మిగిలిన తిండి, తొక్కలు, చేతులు తుడుచుకున్న కాగితపు రుమాళ్ళు అందులో. నీలం డబ్బా మళ్ళీ పనికొచ్చేవాటికి. సీసాలు, రేకు డబ్బాలు, అట్టపెట్టెలు. నల్లది ఎందుకూ కొరగానివాటికి. అందులో పడ్డది ఊరవతల చెత్తగుట్టకు చేరాల్సిందే. ప్రతి డబ్బా మీదా ఇంతింత బొమ్మలు వేసి ఉంటాయి. అయినా చేతిలో ఖాళీ ప్లేటు ఉన్న మనిషికి ఆ బొమ్మలు కనిపించవు. డబ్బాల ముందు నిలబడి దారి తప్పినవాడిలా దిక్కులు చూస్తాడు. "ఇది ఎందులోనమ్మా?" అని అడిగేవాడు నయం. అడగకుండా దగ్గరున్నదాంట్లో విసిరేసి చేతులు దులుపుకునేవాళ్ళే ఎక్కువ. అటువంటివాళ్ళ వెనకాల పట్టకారు పట్టుకుని, తప్పులో పడ్డవాటిని తీసి ఒప్పులో వేయడం చిన్నకోడలి ఉద్యోగం.

ఆ ఆదివారం నది ఒడ్డు మైదానంలో పాటల బృందాల మేళా జరుగుతోంది. బడిపిల్లలు మొదలుకుని పింఛను పుచ్చుకునే పెద్దల దాకా ఎవరి బృందం వాళ్ళది. పొద్దున్నే చిన్నకోడలు ఏప్రన్ కట్టుకుని, చేతితొడుగులు వేసుకుని మూడో పాయింటు దగ్గర డబ్బాలకు సంచులు తొడుగుతుంటే సూపర్‌వైజర్ పిల్ల వచ్చింది. ఆ పిల్ల చేతిలో వాకీటాకీ ఎప్పుడూ గరగరలాడుతూనే ఉంటుంది కనుక పనివాళ్ళందరూ ఆమెను వాకీటాకీ అనే పిలుస్తారు.

"ఆంటీ, మీకు తోడు ఒకావిడని వేస్తున్నా. ఇవాళే చేరింది. కాస్త నేర్పండి, ప్లీజ్," అని, వెనకనున్న మనిషిని ముందుకు తోసి, గరగరలాడుతూ వెళ్ళిపోయింది.

ముందుకొచ్చిన మనిషి పెద్దకోడలు.

ఏప్రన్ ముడి వెనక్కి అందక ముందుకే కట్టుకుంది. చిన్నకోడల్ని చూసిన మొహం చూసినట్టే ఆగిపోయింది. చిన్నకోడలి చేతిలో సంచి జారిపోయింది. పెద్దకోడలు అటు నల్లడబ్బా చివరకు వెళ్ళి నిలబడింది. చిన్నకోడలు ఇటు ఆకుపచ్చ డబ్బా చివరన నిలబడింది. నీలం డబ్బా మధ్యలో సరిహద్దు రాయిలా మిగిలింది.

వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఆగిపోవడానికి కారణం ఆస్తి కాదు, నగలు కాదు. అత్తగారు పెద్దకోడలి దగ్గరే ఉండేది. పెద్దకోడలు బడి క్యాంటీన్లో వంట చేసి వచ్చి, ఇంట్లో మళ్ళీ ఆవిడకు విడిగా మెత్తగా వండి, ముద్దలు కలిపి పెట్టేది. ఒకసారి పెద్దకోడలికే పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేయాల్సొచ్చింది. ఆ కొద్దిరోజులకని అత్తగారిని చిన్నకోడలి ఇంటికి పంపారు. పెద్దకోడలు ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే, ఒక తెల్లవారుజామున అత్తగారు నిద్రలోనే పోయింది.

పెద్దకోడలు కుట్లతోనే వచ్చింది. మెట్లెక్కలేక కింద వరండాలోనే కూలబడింది. చుట్టాలందరూ వింటుండగా చిన్నకోడలి వైపు చూసి, "నా దగ్గరుంటే బతికేది. నీ చేతుల్లో పెట్టడం నాదే తప్పు," అంది.

చిన్నకోడలు పైకెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పూట అయిపోయింది, నెల అయిపోయింది, ఏడాది అయిపోయింది. ఒకే బస్సు మార్గంలో ఆ కొసన ఒకరు, ఈ కొసకు దగ్గరగా ఒకరు ఉంటూ కూడా, ఒకరు ఎక్కిన బస్సు ఇంకొకరు ఎక్కకుండా బతికారు. మొగుళ్ళిద్దరూ సొంత అన్నదమ్ములే అయినా, ఇంట్లో గాలి ఎటు వీస్తోందో తెలిసినవాళ్ళు కనుక నోరెత్తలేదు. రాకపోకలు ఆగిపోయాయి.

ఇప్పుడు మూడు డబ్బాల మధ్య ఇద్దరూ ఇరుక్కుపోయారు.

జనం మొదలయ్యారు. పెద్దకోడలు క్యాంటీన్ మూతపడ్డాక చాన్నాళ్ళు ఖాళీగా ఉండి, కాళ్ళూ చేతులూ ఊరుకోక ఈ పనికి వచ్చింది. వంటింటి తెలివితోటే వేరుచేయసాగింది. తొక్క ఆకుపచ్చలో, సీసా నీలంలో. అంతవరకూ బాగానే ఉంది. కాఫీ కప్పు వచ్చేసరికి, కాగితమే కదా అని నీలంలో వేసింది. చిన్నకోడలు పట్టకారుతో దాన్ని తీసి నల్లదాంట్లో వేసింది. ఇంకో కప్పు వచ్చింది. పెద్దకోడలు నీలంలో వేసింది. చిన్నకోడలు తీసి నల్లదాంట్లో వేసింది. మూడోసారికి పెద్దకోడలికి మండింది. మనిషితో మాట్లాడకూడదు కనుక డబ్బాతో మాట్లాడింది.

"ఏమ్మా నీలం డబ్బా, నేను పెట్టింది నీకు సయించట్లేదా? పెట్టిందాన్ని పెట్టినట్టే ఎవరో ఎత్తుకుపోతున్నారు, చూస్తూ ఊరుకుంటున్నావే!"

చిన్నకోడలు తన పట్టకారు వైపు చూసి అంది: "కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుందే పట్టకారూ. తెలిసినవాళ్ళెవరూ దాన్ని నీలంలో వేయరు. తెలియనివాళ్ళు అడగనూ అడగరు."

అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే వినడమే గాని, ఆ పూట అది కళ్ళారా జరిగింది. కాఫీ తాగి కప్పుతో నిలబడ్డ ఒక మనిషి ఈవిణ్ణీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి, కప్పు ఎందులో వేసినా ప్రమాదమేననుకున్నాడో ఏమో, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు ఒక కప్పు తీసుకుని గోటితో లోపల గీకింది. సన్నని పొర ఒకటి పాము కుబుసంలా లేచి వచ్చింది. ఆ కప్పును నల్లదాంట్లో వేసింది. ఆ తర్వాత ఒక్క కప్పు కూడా నీలంలో పడలేదు.

ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా చిన్నకోడలు ఇంకోటి కూడా గమనించింది. ఒక పాట అయిపోగానే జనం గుంపుగా మీద పడినప్పుడు తాను ఎప్పుడూ ఉక్కిరిబిక్కిరయ్యేది. పెద్దకోడలు నడుం మీద చేయి పెట్టి, "వరసలో రావాలి! తోసుకుంటే ఎవరిదీ తీసుకోను!" అని ఒక్క కేక వేసింది. బడి క్యాంటీన్లో వందమంది పిల్లల్ని నిలబెట్టిన గొంతు అది. గడ్డాలున్నవాళ్ళూ, బట్టతలలవాళ్ళూ కూడా ప్లేట్లు పట్టుకుని బుద్ధిగా వరసలో నిలబడ్డారు.

మధ్యాహ్నానికి ఉడికించిన మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర రద్దీ ఎక్కువైంది. ఆ రద్దీలోనే ఒక ముసలావిడ హడావుడిగా వచ్చి, రెండు ప్లేట్లు చిన్నకోడలి చేతిలో పెట్టి, "పాట టైమైపోతోందమ్మా," అంటూ పరిగెత్తింది. చిన్నకోడలు గింజలు తినేసిన పొత్తుల కండెలు ఆకుపచ్చలో వేసింది. మడతపెట్టిన కాగితపు రుమాలు ఒకటి పట్టకారుకు బరువుగా తగిలింది. నొక్కితే లోపల ఏదో గట్టిగా ఉంది. ప్లాస్టిక్ చెంచాలూ మూతలూ రుమాల్లో చుట్టేసి పారేసేవాళ్ళు రోజూ ఉంటారు. ఇదీ అదే బాపతని విప్పి చూడకుండానే నల్లదాంట్లో పడేసింది. పక్కనుంచి పెద్దకోడలు ఆ రుమాలు వైపు ఒకసారి చూసింది. కాసేపటికి నల్లసంచి నిండితే చిన్నకోడలే దాని మూతి బిగించి, మూడో పాయింటు అని చీటీ కట్టి, తోపుడుబండి మీద లారీ దగ్గరకు పంపించేసింది.

ఎంతోసేపు కాలేదు. ముసలావిడ మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. ఈసారి వెనకాల ఆమె మొగుడు కూడా ఉన్నాడు. తెల్లచొక్కా, మెడలో బృందం కండువా, నోటికి అడ్డంగా అరచెయ్యి.

"అమ్మా! పళ్ళు పడేశానమ్మా!" అంది ముసలావిడ రొప్పుతూ.

"పళ్ళైతే ఆకుపచ్చ డబ్బాలో వేయండి," అంది పెద్దకోడలు.

"వేసే పళ్ళు కాదమ్మా! తినే పళ్ళు కాదు, తినడానికి పెట్టుకునే పళ్ళు! మా ఆయన కట్టుడు పళ్ళు!"

ముసలాయన ఏదో అన్నాడు. పళ్ళు లేని నోట్లో మాటలు గాలిగా పోయాయి. ఆవిడే అర్థం చెప్పింది. మొక్కజొన్న గింజలు ఇరుక్కుని నొప్పి పుడుతుంటే పళ్ళ సెట్టు తీసి రుమాల్లో చుట్టి ప్లేటు పక్కన పెట్టుకున్నాడట. ఆవిడ చూసుకోకుండా ప్లేటుతో సహా తెచ్చి ఇచ్చేసింది. "ఇంకాసేపట్లో ఆయన బృందం పాట. మధ్యలో ఒక చరణం ఒక్కరే పాడాలి. మూణ్ణెల్ల నుంచి స్నానాల గదిలో అదే పాట. ఇప్పుడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. నా మొహం ఎక్కడ పెట్టుకోను!" అంటూ ఏడ్చేసింది.

ముసలాయన నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీయకుండానే, రెండో చేత్తో ఆవిడ వీపు నిమిరాడు.

పెద్దకోడలు అప్పటికే ఆకుపచ్చ సంచిని బల్ల మీద బోర్లించింది. కండెలు, తొక్కలు, బ్రెడ్డు అంచులు, తడిసిన రుమాళ్ళు. ఒక్కొక్క రుమాలూ విప్పి చూస్తోంది. అప్పుడు చిన్నకోడలికి ఆ బరువు, పట్టకారుకు తగిలిన ఆ గట్టిదనం గుర్తొచ్చాయి.

"అది ఇందులో లేదు. నల్లదాంట్లో పడింది. ఆ సంచి వెళ్ళిపోయింది," అంది.

అప్పుడే వాకీటాకీ వచ్చి విషయం విని తల పట్టుకుంది. "రుమాలు నల్లదాంట్లో ఎందుకు పడింది? ఎవరు వేశారు?"

చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నారు. పెద్దకోడలు చూసింది; ఆ రుమాలు వేయడం కళ్ళారా చూసింది. ఇక ఆ వేలు లేవడమే తరువాయి. అప్పుడు వరండాలో అన్న మాట ఇప్పుడు మైదానంలో అంటుంది, అంతే కదా తేడా అనుకుని చిన్నకోడలు తల దించుకుంది.

"నేనే వేశానమ్మా," అంది పెద్దకోడలు. "కొత్తదాన్ని కదా. తెలీక వేసేశాను."

చిన్నకోడలు చటుక్కున తలెత్తింది. ఆ మాట తనను కాపాడుతోందో, ఇంకో రకంగా కాలుస్తోందో ఆమెకే అర్థం కాలేదు. "కాదు. నేను వేశాను," అంది.

"నువ్వు ఊరుకో. నేనన్నాను కదా."

"నువ్వే ఊరుకో అక్కా! నేను వేసింది నేను వేశాననే చెబుతాను. నువ్వెందుకు మీద వేసుకుంటావు?"

"కొత్తదాన్నైతే ఒక మాటతో పోతుందే! నువ్వు పాతదానివి, నీకు చెడ్డపేరు వస్తుంది!"

"వస్తే నాకు వస్తుంది, నీకెందుకు?"

"నాకెందుకా? నాకు కాకపోతే ఇంకెవరికే!"

ఐదారేళ్ళు మూసుకున్న నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకునేసరికి ఇద్దరూ ఆగలేకపోయారు. వాకీటాకీ మధ్యలో చేతులడ్డం పెట్టింది. "ఆంటీ, ఎవరు వేస్తే ఏంటండీ! లారీ బయల్దేరుతోంది!"

ఇద్దరూ పరుగెత్తారు. వెనకాల ముసలావిడ, ఆవిడ వెనకాల నోరు మూసుకుని ముసలాయన. మైదానం వెనక గేటు దగ్గర లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. చిన్నకోడలు చేతులూపింది. డ్రైవర్ చూడలేదు. లారీ కదిలింది. అప్పుడు పెద్దకోడలు నిలబడి, ఊపిరి నిండా పీల్చి, "ఆపరా!" అని అరిచింది. లారీ ఆగింది. గేటు దగ్గరున్న సెక్యూరిటీ మనిషి కూడా చేతిలో బిస్కెట్టు నోటి దాకా తీసుకెళ్ళకుండా ఆపేశాడు.

డ్రైవర్ దిగొచ్చి గొణిగాడు. ఎక్కించిన సంచులు దింపడం కుదరదన్నాడు. ముసలాయన నోటి మీది చెయ్యి తీసి, అతని వైపు చూసి ఒక్కసారి నవ్వాడు. ఆ బోసినవ్వు చూసి డ్రైవర్ వెనక తలుపు తెరిచాడు. "మా నాన్నకి కూడా ఇంతే. మొన్న ఆయన పళ్ళని దుప్పట్లతో కలిపి వాషింగ్ మెషిన్లో వేసేశాం," అన్నాడు.

నేల మీద పట్టా పరిచారు. మూడో పాయింటు చీటీలున్న సంచులు వెతికి దింపారు. తోడికోడళ్ళిద్దరూ పట్టా మీద ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. కప్పులు, చాక్లెట్ కాగితాలు, నూనె మరకల కవర్లు, విరిగిన కళ్ళజోడు ఒకటి, ఎవరిదో ఒంటి చెప్పు. "చెప్పు ఒకటి పారేసి ఒక కాలితో ఇంటికి పోయారా ఏం?" అంది పెద్దకోడలు. చిన్నకోడలికి నవ్వు వచ్చింది. ఆపుకుంది.

మొదటి సంచిలో లేవు. రెండోదాని అడుగున, కాఫీతో తడిసి ముద్దయిన రుమాలు ఒకటి పెద్దకోడలి చేతికి తగిలింది. మెల్లగా విప్పింది. లోపలినుంచి రెండు వరసల పళ్ళు వాళ్ళిద్దరి వైపూ చూసి ఇకిలించాయి.

"దొరికాయ్!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

కుళాయి దగ్గర పెద్దకోడలు వేడినీళ్ళు తెప్పిస్తానంటే, ముసలావిడ "వద్దమ్మా, వేడి తగిలితే వంకరపోతాయి" అని సబ్బు పెట్టి చన్నీళ్ళతో తోమి తోమి కడిగింది. చిన్నకోడలు తన దగ్గరున్న తాగునీళ్ళ సీసా మొత్తం వాటి మీద పోసింది. ముసలాయన వెనక్కి తిరిగి వాటిని పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి, ఇటు తిరిగాడు. మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు.

"నేను ప్లేటు పక్కన పెట్టానని నీకు రెండుసార్లు చెప్పాను," అన్నాడు పెళ్ళాంతో. నోట్లో పళ్ళు పడ్డాక అతను ఆడిన మొదటి మాట అది.

"పెట్టుకోగానే మొదలెట్టారూ! వెళ్ళి పాడండి ముందు!" అని ఆవిడ కండువా సర్ది అతన్ని వేదిక వైపు తోసింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగొచ్చి తోడికోడళ్ళిద్దరినీ ఒకేసారి కావలించుకుంది. ఏప్రన్ల మీద ఏముందో కూడా చూసుకోలేదు.

మూడో పాయింటుకు తిరిగొచ్చి చూస్తే కొంప మునిగి ఉంది. కాపలా లేని డబ్బాలంటే జనానికి పండగే. ఆకుపచ్చలో సీసాలు, నీలంలో అరటితొక్కలు, నల్లదాంట్లో సగం తిన్న పొత్తులు. డబ్బాల్లో చోటు చాలక చుట్టూ కుప్ప. చిన్నకోడలు నిట్టూర్చి మూడు సంచులూ బల్ల మీద పోసింది. ఎవరూ చెప్పకుండానే పెద్దకోడలు ఎదురుగా నిలబడింది. ఒకరు తొక్కలు ఏరుతుంటే ఒకరు సీసాలు ఏరారు. చేతులకు అడ్డం రాకుండా చేతులు కదిలాయి. ఒకప్పుడు ఒకే వంటింట్లో చుట్టాలకు వండి వడ్డించిన చేతులు కదా.

దూరంగా మైకులో పెద్దవాళ్ళ బృందం పాట మొదలైంది. వాకీటాకీ ఎవరి కాళ్ళు పట్టుకుందో గాని, వాళ్ళ వంతు వెనక్కి జరిపించింది. మధ్యలో అందరి గొంతులూ ఆగి ఒక్క గొంతు లేచింది. ఏమంత గొప్ప గొంతు కాదు. పై స్థాయికి వెళ్ళినప్పుడు వణికింది. కానీ ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. ఇద్దరూ చేతులు ఆపి విన్నారు. చరణం అయిపోగానే చప్పట్లు. మళ్ళీ పనిలో పడ్డారు.

కాసేపయ్యాక, తల ఎత్తకుండానే పెద్దకోడలు అడిగింది.

"ఆ ముందు సాయంత్రం... ఏమైనా తిన్నదా?"

చిన్నకోడలు మొదట ముసలావిడ గురించనుకుంది. తర్వాత అర్థమైంది, అత్తగారి గురించని. చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆ తెల్లవారుజాము తర్వాత ఎంతమంది వచ్చారు, ఎన్ని మాటలన్నారు. ఈ ప్రశ్న మాత్రం ఒక్కరూ అడగలేదు.

"తిన్నది," అంది. "పాలల్లో రొట్టె నానేసి పెట్టాను. గిన్నె ఖాళీ చేసి ఇంకొంచెం కావాలంది. చక్కెర తక్కువైందని తిట్టింది కూడా."

"తిట్టిందా?" పెద్దకోడలు తలెత్తింది.

"ఎందుకు తిట్టదు? 'పెద్దది ఉప్పు ఎక్కువేసి చంపుతుంది, నువ్వు చక్కెర తక్కువేసి చంపుతావు, మీ ఇద్దరి మధ్యా నా నాలుక నలిగిపోతోంది' అంది. నేను నవ్వితే తనూ నవ్వింది. ఆ తర్వాత 'పెద్దది ఎప్పుడొస్తుందే' అని అడిగింది. కుట్లు విప్పగానే వస్తుందన్నాను. 'రాగానే నన్ను తీసుకెళ్ళిపొమ్మను, నీ ఇంట్లో ఫ్యాను చప్పుడుకి నిద్ర పట్టట్లేదు' అంది. అని, ఆ మాట అంటూ అంటూనే నిద్రపోయింది. కాళ్ళ మీద దుప్పటి కప్పి దీపం తీశాను. అంతే అక్కా. ఇంకేమీ జరగలేదు."

పెద్దకోడలు నవ్వబోయింది. నవ్వు సగంలోనే వేరేదైపోయింది. చేతులకు తొడుగులున్నాయి, వాటి నిండా మురికి. కళ్ళు తుడుచుకోలేక భుజానికి మొహం రాసుకుంది. చిన్నకోడలు ఒక చేతితొడుగు తీసేసి, తన మెడ చుట్టూ ఉన్న తువ్వాలు కొసతో ఆమె మొహం తుడిచింది. గట్టిగానే తుడిచింది, పిల్లలకు తుడిచినట్టు.

"ఆ రోజు నాకు కుట్లు నొప్పనుకున్నారందరూ," అంది పెద్దకోడలు. "కుట్లు కాదే. అన్నేళ్ళు ముద్ద కలిపి పెట్టినదాన్ని, చివరి ముద్దకి నేను లేను. నువ్వున్నావు. అదీ నా మంట."

"నన్నడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని కదా."

"అంత మాట అన్నాక ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ మాట తాలూకు ముల్లు చిన్నకోడలి లోపల ఇంకా ఉంది. ఒక్క మధ్యాహ్నంతో ఊడి వచ్చేసే ముల్లు కాదది. కానీ ఇన్నేళ్ళూ తన ఒక్కదాని దగ్గరే ఉన్న ఆ సాయంత్రాన్ని ఇప్పుడు ఇద్దరు మోస్తున్నారు. బరువు తెలిసేంతగా తగ్గింది.

"నీళ్ళు తాగు. ఇంకా సగం కుప్ప ఉంది," అంది.

సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. దారిలో పెద్దగా మాట్లాడుకోలేదు; అలసట ఒకటి, అలవాటు లేకపోవడం ఒకటి. పెద్దకోడలి స్టాపు ముందొచ్చింది. దిగేముందు, "చెయ్యి తెగినట్టుంది, మందు రాసుకో," అని దిగిపోయింది.

చిన్నకోడలు బస్సు ఆఖరు స్టాపులో దిగి ఇంటికి చేరేసరికి మొగుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"కట్టుడు పళ్ళు దొరికాయటగా!" అన్నాడు.

చెప్పులు విడుస్తున్న చిన్నకోడలు ఒంటికాలి మీద ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

నోరు జారిందని అతనికి అప్పుడు తెలిసింది. మొహంలో వెలుగు ఆరిపోయింది. "ఎవరో... అనుకుంటుంటే..."

"ఎవరనుకున్నారు? ఎక్కడనుకున్నారు? ఫోనిటివ్వు."

ఆఖరుగా వచ్చిన కాల్ ప్లంబర్ దగ్గర్నుంచి. అంతకుముందు రోజూ ప్లంబరే. ఆ ముందు వారమంతా ప్లంబరే. ఇంట్లో కుళాయి కారి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆ నంబరే నొక్కింది. అవతల బావగారి గొంతు, "ఏరా, చిన్నకోడలు ఇంటికొచ్చిందా? ఏమంటోంది?" అంది.

"వచ్చింది బావగారూ. అక్కకివ్వండి ఫోన్," అంది చిన్నకోడలు.

అవతల పెద్దకోడలి గొంతు పేలింది. "నేనిప్పుడే పట్టుకున్నానే! ఈయన ఫోన్లో మీ ఆయన పేరు ఏమని ఉందో తెలుసా? గ్యాస్ ఆఫీసు! వారం వారం గ్యాస్ ఆఫీసుకు వెళ్ళొస్తానంటే, పాపం సిలిండర్ కోసం ఎంత తిరుగుతున్నాడో అని జాలిపడేదాన్ని!"

"మా ఆయన ప్రతి శనివారం క్షవరానికి వెళ్ళేవాడక్కా! తల మీద ఉన్నదే పది వెంట్రుకలు, వారం వారం ఏం గొరుగుతాడోనని నేనెప్పుడూ ఆలోచించలేదు చూడు!"

"ఇద్దరూ మార్కెట్ వెనకాల టీ కొట్లో కూర్చునేవాళ్ళట. మనం చస్తున్నామా బతుకుతున్నామా అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళట. నీకు జ్వరమొచ్చి తగ్గిన సంగతి కూడా ఈయనకి తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు!"

చిన్నకోడలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నవ్వు ఆగట్లేదు. ఆవిడ నవ్వుతోందో తిడుతోందో తెలియక ఆమె మొగుడు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అవతల అన్నగారి పరిస్థితీ అదేనని ఫోన్లో వినిపిస్తూనే ఉంది.

"వచ్చే ఆదివారం మనకి పని లేదు కదా," అంది పెద్దకోడలు. "ఇద్దరూ ఇక్కడికి రండి. వంట ఈ అన్నదమ్ములు చేస్తారు, గిన్నెలూ వీళ్ళే కడుగుతారు. మనం కుర్చీలేసుకుని కూర్చుని చూద్దాం."

"వస్తాం అక్కా," అంది చిన్నకోడలు. మొగుడి వైపు తిరిగి, "విన్నావా ప్లంబరూ?" అంది.